వెయ్యో వంతు తేడా

అమెరికాలోని డులూత్ ఊళ్లో, ఇనుమూ ఇత్తడీ చెక్కే లేతు మిషను ఇంట్లో పెట్టుకున్నవాళ్లు చాలామందే ఉన్నారు. కానీ రెండేళ్లుగా దాన్ని సరిచేయడమే తప్ప, దానిమీద గుండుసూదంత వస్తువైనా చేసిన పాపాన పోనివాడు ఆర్విన్ ఒక్కడే.

"ఇంకా వెయ్యో వంతు తేడా ఉంది మార్లిస్," అనేవాడు భార్యతో.

అంగుళంలో వెయ్యో వంతు! ఆ తేడా మార్లిస్ కంటికి ఎన్నడూ ఆనలేదు. కనబడిందల్లా బేస్‌మెంట్‌లో బల్లమీద ఆ పాత ఇనుప ముద్ద, దానిముందు మోకాళ్లమీద మొగుడు. లేతు అదురుతుందని, శుక్రవారం తప్ప బట్టలుతికే మిషను వేయనిచ్చేవాడు కాదు. లేతు ఒరగకుండా కాళ్లకింద ఎత్తు పెట్టడానికి బీరు డబ్బా రేకును మించింది లేదట. ఆర్విన్ బీరు ముట్టడు. అందుకని పక్కిళ్ల చెత్తడబ్బాలు వెతుకుతూ పాస్టరు గారి కంటబడ్డాడు. ఆ ఆదివారం ప్రసంగమంతా తాగుడు మీదే, పాస్టరు గారి చూపంతా మార్లిస్ మీదే. ఆవిడకు తల కొట్టేసినట్టయింది.

ఇంతకీ ఆవిడ కోరింది ఇరుసుకు తొడిగే బొటనవేలంత ఇత్తడి గొట్టం, బుష్. పాత కుట్టుమిషనులోది అరిగిపోయింది, కొందామంటే ఎక్కడా దొరకదు. కూతురికేమో నెలలు నిండుతున్నాయి. మొదటి మనవరాలికని మొదలుపెట్టిన అతుకుల దుప్పటి సగంలో ఆగింది.

"అరగంట పనయ్యా! ఆ పిల్ల పెళ్లినాటికైనా చేసిస్తావా?"

"లేతు కుదురుకోనీ. శనివారం క్లెమ్ గారు వస్తారుగా."

క్లెమ్ ఒకప్పుడు ఆర్విన్‌కు పని నేర్పిన ఫోర్‌మన్. ఎనభై ఆరేళ్లు. భార్య పోయింది, కారు తాళాలు పిల్లలు లాక్కున్నారు. శనివారం శనివారం ఆర్విన్ వెళ్లి తీసుకొచ్చేవాడు. రాగానే లేతు మీద చెయ్యేసి, "ఒరేయ్, మళ్లీ పక్కకు పోయిందిరా! నీకెన్నిసార్లు చెప్పాలి?" అని తిడుతూ మధ్యాహ్నం దాకా సరిచేసేవాడు. వారం తిరిగేసరికి అది మళ్లీ మొదటికొచ్చేది.

ఓ శుక్రవారం మార్లిస్ బట్టల బుట్టతో మెట్లు దిగింది. ఆర్విన్ లేతు కాలికింద నుంచి బీరు డబ్బా రేకు లాగేస్తున్నాడు.

"అది క్లెమ్ గారు పెట్టిందేగా! బాగున్నదాన్ని నువ్వే చెడగొడుతున్నావా?"

ఆర్విన్ రేకును గుప్పిట్లో దాచాడు. "నీ బుష్ చేస్తే లేతు బాగున్నట్టే కదా. బాగుంటే ఆయన శనివారం ఎందుకొస్తాడు? ఊరికే భోజనానికి రమ్మంటే రాడు, నీకు తెలుసుగా."

మార్లిస్‌కు తిట్టాలనే ఉంది. బుట్ట కింద పెట్టింది.

"ముందా రేకు పెట్టి నా బుష్ చెయ్యి," అంది. "రేపటి సంగతి నేను చూసుకుంటా."

అరగంటలో చేసిచ్చాడు. మిషనులో చక్కగా కూర్చుంది. ఆ తర్వాత రేకు లాగేసింది మార్లిసే.

మర్నాడు క్లెమ్ గుమ్మంలో అడుగు పెట్టీ పెట్టగానే ఆవిడ నడుం మీద చేతులు పెట్టుకుంది.

"క్లెమ్ గారూ, మీ శిష్యుడు చేసిన బుష్ వదులు. ఆ లేతులో వెయ్యో వంతు తేడా ఉంది!"

ముసలాయన మొహం వెలిగిపోయింది. "నే చెప్పలా! పదరా ఆర్విన్. నేనుండగానే నీకింత బాగా వచ్చింది పని, పోయాక ఇంకేం వస్తుంది?" అంటూ చేతికర్ర గోడకానించి మెట్లు దిగాడు.

పైన మార్లిస్ దుప్పటి ముందేసుకుని కూర్చుంది. కింద లేతు మోత మొదలయ్యాకే, ఆయనకు వినబడకుండా, కుట్టుమిషను నడిపింది.