కారం అంటని చెయ్యి

"అక్క పోయిందే" అంది అమ్మ ఫోనులో.

ఏ అక్క అని అడగబోయి ఆగాను. నాలుగేళ్ళుగా అమ్మ తన తోడబుట్టినదాన్ని "ఆవిడ" అనే అంటోంది. ఇంట్లో ఆ పిలుపు వినపడక అది ఎవరిదో ఒక్క క్షణం నాకే తోచలేదు. పొద్దున ప్రార్థనకని లేచి కూర్చున్న మా పెద్దమ్మ, కూర్చున్నట్టే గోడకి ఒరిగిపోయిందట.

గుంటూరులో నేను పనిచేసే కంప్యూటర్ సెంటర్లో ఎవరిదో బయోడేటా టైపు చేస్తున్నాను అప్పుడు. ఏడుపు రాలేదు. కోపం వచ్చింది. మూడు నెలల కిందట ఆవిడ నన్నొక మాట అడిగింది. "చూద్దాంలే పెద్దమ్మా" అని బస్సెక్కి వచ్చేశాను. అడిగిన మనిషి వెళ్ళిపోయింది, చెప్పాల్సిన జవాబు నా దగ్గరే ఉండిపోయింది. ఇదీ ఆవిడ నాకు చేసిన మోసమే అనిపించింది. పోయినవాళ్ళ గురించి రాస్తూ ఇట్లా మొదలుపెట్టకూడదని తెలుసు. కానీ అబద్ధంతో మొదలుపెడితే ఆవిడే ఒప్పుకోదు.

చిలకలూరిపేట దాటాక నల్లరేగడిలో ఉంటుంది మా ఊరు. ఊరికి దక్షిణాన మా ఇళ్ళు. ఊళ్ళోవాళ్ళు మా వైపును పల్లె అంటారు. పల్లెలో రేకుల కప్పు చర్చి, దాని పక్కనే పెద్దమ్మ ఇల్లు. పెదనాన్న చిన్న వయసులోనే పోయాడు. ఒక్కడే కొడుకు, నాకు అన్న. వారమంతా పెద్దమ్మ పత్తి తీతకో మిరప కల్లానికో కూలికి వెళ్ళేది, ఆదివారం పిల్లలకి పాఠం చెప్పేది. మా అమ్మానాన్నలు పనికోసం వేరే ఊళ్ళకి వెళ్ళినప్పుడల్లా నేను ఆవిడ దగ్గరే. అంటే సగం ఆవిడ పెంపకమే.

పాటంటే ఆవిడకి ప్రాణం. రాగం ఒక వీధిలో పోతుంటే ఆవిడ ఇంకో వీధిలో పోయేది, కానీ గొంతు మాత్రం పొలిమేర దాటేది. "కరెంటు పోయినా మనకి మైకు ఉందిరా" అని పల్లెలో వేళాకోళం. ఆవిడ పట్టించుకునేది కాదు. "దేవుడికేమన్నా చెవుడా, చిన్నగా పాడొచ్చుగా" అంటే, "ఆయనకి కాదు, నాకు వినపడాలి. నాకే కదా మతిమరుపు" అనేది.

నాకు ఆరేళ్ళప్పుడు ఒకరోజు ఆడుకుంటూ పడి మోకాలు చెక్కుకుపోయింది. కల్లంలో పొద్దుటినుంచి మిరపకాయలకి ముచ్చికలు తీసి అప్పుడే ఇల్లు చేరిన పెద్దమ్మ పరుగెత్తుకొచ్చి నా కళ్ళు తుడిచింది. అంతే, నా కేక పల్లె చివరిదాకా వినపడింది. నాకంటే ఎక్కువ ఆవిడ అరిచింది.

"కడుక్కునే వచ్చానే తల్లీ! మూడుసార్లు కడుక్కున్నానే!"

మా వైపు వాళ్ళకి చెప్పక్కర్లేదు. ముచ్చికలు తీసిన చేతిని ఎన్నిసార్లు కడిగినా కారం పోదు, మర్నాటిదాకా గోళ్ళలో ఉంటుంది. చివరికి ఆ రోజు పనికి వెళ్ళని పక్కింటామె వచ్చి నా కళ్ళు కడిగింది. పెద్దమ్మ చేతులు వెనక్కి పెట్టుకుని, ముట్టుకోలేక, పక్కన నిలబడి ఏడ్చింది.

ఆ ఆదివారం పాఠం అదే.

"కారం చేత్తో కన్ను తుడుచుకుంటే ఏమైద్దిరా?"

"మండిద్ది!" అని అరిచాం అందరం.

"కడుక్కుని తుడుచుకుంటే?"

"అప్పుడూ మండిద్ది!"

"మరెట్టా?"

"పక్కింటామెని పిలవాలి" అన్నాను నేను. పిల్లలు నవ్వారు. పెద్దమ్మ నవ్వలేదు.

"అదే. కారం అంటని చెయ్యి ఇంకోటి రావాలి. నా చేతికి కారమే, మీ అమ్మ చేతికి కారమే, ఊళ్ళో ఆసాములకీ కారమే. యేసయ్య మన కల్లంలోకే వచ్చాడు, మనతోనే కూర్చున్నాడు. ఆయన చేతికి కారం అంటలా. మేకులు దిగాయి, అంతే."

మనిషికి యేసు ఎందుకు అంటే తర్వాత ఎన్నో ప్రసంగాలు విన్నాను. పెద్ద పెద్ద పందిళ్ళలో, లౌడ్ స్పీకర్లలో. ఇంతకన్నా సూటిగా ఎవరూ చెప్పలేదు.

ఇంకొకటి కూడా చెప్పాలి. ఆవిడ ఇంట్లో గోడకి చిన్న అద్దం ఉండేది. అద్దం మధ్యలో మెరూన్ రంగు బొట్టు స్టిక్కర్ ఒకటి అంటించి ఉండేది. ఆవిడ బొట్టు పెట్టుకోదు. మా చర్చిలో ఎవరూ పెట్టుకోరు. నేను పదో తరగతిలో ఉండగా తల దువ్వుకుంటూ "ఇదెవరిది పెద్దమ్మా?" అన్నాను. "నాదే" అంది. నవ్వి, గోటితో పీకబోయాను. చేతి మీద చరిచింది. నన్ను ఆవిడ కొట్టింది ఆ ఒక్కసారే.

ఇక అసలు సంగతి. గుంటూరులో బీఎస్సీ అయ్యాక బీఈడీ ఎంట్రన్స్ రాశాను. ఎస్సీ కోటాలో సీటు వచ్చే ర్యాంకు. మా పల్లెనుంచి టీచరయ్యే మొదటి ఆడపిల్లను నేనే. అమ్మ అప్పుడే నన్ను "టీచరుగారూ, నీళ్ళు తోడండి" అని ఎగతాళి చేసేది. ఇంతలో ఎవరో అర్జీ పెట్టారు, ఈ అమ్మాయి క్రైస్తవురాలు, ఎస్సీ సర్టిఫికెట్ చెల్లదని. మునిగి బాప్తిస్మం తీసుకుంటే కాగితం మీద మా కులం మారిపోతుంది, బీసీ-సి అయిపోతుంది. ఊళ్ళో టీకొట్లో మాకు వేరేగా పెట్టిన గ్లాసు మాత్రం మారదు. ఆ గ్లాసులో తాగుతూ పెరిగినదాన్ని నేను. పల్లెవాళ్ళు చెప్పేది అబద్ధమో, కాగితం చెప్పేది అబద్ధమో నాకు ఇప్పటికీ తేలలేదు.

విచారణకి రెవెన్యూ ఇన్‌స్పెక్టరు, అదే ఆర్ఐ, వస్తున్నాడని తెలిసింది. అలాంటప్పుడు పల్లె ఏం చేస్తుందో అదే చేసింది. చర్చికి తాళం వేసి, తలుపుకి అడ్డంగా పత్తి గోతాలు ఆనించారు. ఒక స్టిక్కర్ల ప్యాకెట్ ఇంటింటికీ తిరిగింది.

"ఒసేయ్, కనుబొమ్మ మీద పెట్టావేందే? ఆయనకి కన్ను కొట్టేట్టున్నావు!"

"అద్దం ఏది పిన్నీ, చేత్తో తడుముకుని పెట్టా."

"దేవుడు చూస్తున్నాడే..."

"ఆయన చూసినా పర్లేదు, ఆర్ఐ చూడాలి!"

అందరూ పడీపడీ నవ్వారు. ఆ నవ్వులన్నీ నాకోసమే. ఆ రోజు నా సీటు కోసం నుదుట స్టిక్కర్ పెట్టుకున్న ఆ ఆడవాళ్ళను నేనెన్నటికీ తప్పు పట్టను.

ఆర్ఐ కుర్చీలో కూర్చుని ఒక్కొక్కరినీ అడిగాడు. మా అమ్మ, పక్కింటామె, ఎదురింటి ముసలమ్మ, అందరిదీ ఒకటే మాట. "మేం పోలేరమ్మకి మొక్కుతామండి." వరసలో చివర పెద్దమ్మ. బొట్టు లేని నుదురు అదొక్కటే. ఆయన కన్ను అక్కడే ఆగింది.

"నువ్వు చెప్పమ్మా. ఈ అమ్మాయికి బాప్తిస్మం అయిందా?"

పెద్దమ్మ నా వైపు చూసింది. ఆ చూపు నేను మర్చిపోలేదు. చెప్పొద్దు అని కళ్ళతోనే బతిమాలాను.

"అయిందండి. సాగర్ కాలవలో. ఒడ్డున తుండు పట్టుకుని నిలబడింది నేనే."

ఆర్ఐ రాసుకుని లేచి వెళ్ళిపోయాడు. అప్పుడు అమ్మ నుదుటి స్టిక్కర్ పీకి అక్క కాళ్ళ దగ్గర కొట్టింది.

"నీ కొడుకు ఉద్యోగానికి ఎంక్వైరీ వచ్చినప్పుడు యాడికి పోయిందే ఈ సత్యం? ఆ రోజు నువ్వు బొట్టు పెట్టుకోలా? యేసయ్యని ఎరగనని చెప్పలా? నీ కొడుక్కి అబద్ధం, నా కూతురికి సత్యమా?"

నాకది తెలియదు. అన్న విచారణ నాటికి నేను చిన్నపిల్లను. ఖండిస్తుందేమో అని పెద్దమ్మ మొహం చూశాను. తల దించుకుంది. నా సీటు పోయినందుకు కాదు, ఆ దించిన తల చూసి నాలో ఏదో తెగింది. సత్యం చెప్పే మనిషి చేతిలో నష్టపోతే ఓర్చుకోవచ్చు. తనవాడికో మాట, పరాయిదానికో మాట చెప్పే మనిషి చేతిలో! అంటే నేను పరాయిదాన్నే అన్నమాట.

తర్వాత ప్రైవేటు స్కూల్లో చేరాను, మానేశాను. విత్తనాల కొట్లో చేరాను, మానేశాను. ఎక్కడా కుదురుగా కూర్చోలేదు. చర్చికి వెళ్ళడం కూడా మానేశాను. కారం అంటని చెయ్యి అంటూ కథ చెప్పిన మనిషే నా కంట్లో కారం కొట్టాక ఇంకేం వెళ్తాను?

మూడు నెలల కిందట ఆవిడకి ఆయాసం ఎక్కువైందని తెలిసి అమ్మ రాగిపిండి డబ్బా నా చేతికిచ్చి, "ఆవిడకి ఇచ్చిరా, నేనిచ్చానని చెప్పబాకు" అంది. వెళ్ళాను. పెద్దమ్మ డబ్బా మూత తీసి వాసన చూసి, "మీ అమ్మ వేయించినట్టు ఎవరూ వేయించలేరు" అంది. కూర్చోమంది. కూర్చోలేదు నేను.

"ఎందుకు చెప్పావు పెద్దమ్మా?" అన్నాను. నాలుగేళ్ళలో అడగడం అదే మొదలు.

చాలాసేపు ఊపిరి కూడదీసుకుంది.

"ఉద్యోగమొచ్చాక అన్న వాళ్ళ క్వార్టర్సుకి పోయా ఒకసారి. పొద్దున్నే లేచి పాట ఎత్తుకున్నా. వాడు గబగబా కిటికీలు మూశాడే. 'చిన్నగా పాడుకో అమ్మా, పక్కవాళ్ళు వింటారు' అన్నాడు. మంచిగానే అన్నాడు, తిట్టలా. తర్వాత బస్సుకే వచ్చేశా. వాడి నోరు మూసింది ఎవరు? నేనే. ఆ రోజు బొట్టు పెట్టుకుని ఎరగనని చెప్పి, నేనే నేర్పా వాడికి. నీ నోరు కూడా నేనే మూయాలా అనిపించిందే."

"అది నన్ను అడగాలి. నోరు నాది, సీటు నాది."

తిరిగి ఏమన్నా అంటుందని చూశాను, ఇంకా కోప్పడదామని. ఆవిడ తలూపింది.

"అవును. అడగాల్సింది. అడిగే ధైర్యం లేకపోయింది. వాడికి అబద్ధంతో ద్రోహం చేశా, నీకు నిజంతో చేశా. నా చెయ్యి ఎటు పెట్టినా మండిందే. అందుకే ఆయన కావాలి నాకు. మంచిదాన్నయితే ఆయనెందుకు? చలిమంట కాడ ఆయన్నెరగనన్న శిష్యుడికి, తిరిగి లేచాక ఒక తెల్లారుజామున సముద్రం ఒడ్డున మళ్ళీ మంటేసి చేపలు కాల్చి పెట్టాడే. తిట్టలా. రా, తిను అన్నాడు. ఆ ఒక్క ముక్క పట్టుకుని బతుకుతున్నా."

బయట బస్సు హారన్ వినపడింది. నేను గుమ్మం దాటుతుంటే అడిగింది.

"నన్ను క్షమిస్తావా అమ్మా?"

"చూద్దాంలే పెద్దమ్మా."

అదే నా ఆఖరి మాట.

సమాధుల దొడ్డిలో పాస్టరుగారు పాట ఎత్తుకోమన్నారు. ఎవరూ ఎత్తుకోలేదు. అన్నేళ్ళూ మొదట ఎత్తుకునే గొంతు పెట్టెలో ఉంది. అన్న గేటు దగ్గర నిలబడి ఉన్నాడు, తనతో వచ్చిన ఆఫీసువాళ్ళిద్దరి పక్కన. వాడి వైపు చూశాను. పెదాలు కదులుతున్నాయి, గొంతు రావడం లేదు. చివరికి మా అమ్మ ఎత్తుకుంది. అక్కలాగే రాగం తప్పి, అక్కంత గట్టిగా. రెండో చరణంలో పెట్టె వైపు చూసి ఆగిపోయింది. మిగతాది పల్లె పాడింది.

అన్నని కుళ్ళబొడవాలని ఉండింది నాకు. అంతలోనే, చావుకి దగ్గరైన మనిషి చెయ్యి చాస్తే "చూద్దాంలే" అన్న నేను వాడికంటే ఏ విధంగా మెరుగు అనిపించింది. నాలుగేళ్ళు ఆవిడ చేతిలో కారాన్నే లెక్కపెట్టాను, నా గోళ్ళు చూసుకోలేదు. ఆవిడ నాకు చేసింది ద్రోహమే. ఇప్పటికీ ఆ మాట వెనక్కి తీసుకోను. ఆ కన్ను తుడవడానికి ఆవిడ చెయ్యీ పనికిరాదు, నా చెయ్యీ పనికిరాదు. ఇది మాత్రం ఆరేళ్ళప్పుడే నాకు తెలుసు.

మర్నాడు పెద్దమ్మ ఇల్లు సర్దుతుంటే అన్న అద్దం ముందు ఆగాడు. స్టిక్కర్ ఎండిపోయి అంచులు లేచి ఉంది.

"నా ఎంక్వైరీ రోజు పెట్టుకున్నదే ఇది" అన్నాడు. "సాయంత్రం తీసి ఇక్కడ అంటించింది. ఎన్నిసార్లు చెప్పినా పీకనివ్వలేదు. రోజూ పొద్దున్నే మొహం చూసుకునేది ఇందులోనే. పీకేయనా?"

"ఉండనీ అన్నా" అన్నాను.

వాడు బయటికి వెళ్ళాక అద్దం ముందు నిలబడ్డాను. పెద్దమ్మ నాకంటే జానెడు పొట్టి. నిటారుగా నిలబడితే ఆ బొట్టు నా గొంతు దగ్గర పడింది. మోకాళ్ళు కొంచెం వంచాను. చాల్లేదు. ఇంకొంచెం వంచాను. అప్పుడు సరిగ్గా నా నుదుటి మీదికి వచ్చింది. అట్లాగే వంగి ఉండిపోయాను, నా ఊపిరికి అద్దం మసకబారి, బొట్టొక్కటే కనిపించేదాకా.