అరచేతిలో రెండు మాత్రలు

మా ఊరు విన్నిపెగ్‌లో తెలుగువాళ్ళం తలా ఒక వంట తెచ్చుకుని కలిసి తినే పోట్‌లక్‌లలో షుగరున్నవాళ్ళం మాత్రలు చాటుగా మింగేవాళ్ళం. రిటైరైన డాక్టరు అంకుల్ ఒక్కరే పులిహోర ప్లేటు పక్కన పెట్టి, అరచెయ్యి చాపి అందరికీ చూపించేవారు. "ఇది షుగరుకి, ఇది గుండెకి."

ఒకసారి ఆయన దగ్గర నసిగాను. "నాకూ గుండెకని ఆ కొలెస్ట్రాల్ మాత్ర రాశారంకుల్. కొలెస్ట్రాల్ నార్మలే కదా అని తెచ్చుకోలేదు."

"నాకూ నార్మలేనమ్మా. నలభై దాటి షుగరుంటే ఆ మాత్ర రిపోర్టు కోసం కాదు, గుండెను కాపాడుకోడానికి. పడకపోతే మీ డాక్టరుకి చెప్పు. నీ అంతట నువ్వు మానెయ్యకు."

ఆ వారమే తెచ్చుకున్నాను. అంకుల్ ఇప్పుడు దూరంగా సర్రీ అనే ఊళ్ళో కూతురి దగ్గరున్నారు. ఆయన్ని తలుచుకోకుండా ఆ మాత్ర వేసుకోను.

మొన్న పోట్‌లక్‌లో కొత్తగా వచ్చినావిడ నా పక్కకు జరిగి, "రెండోది దేనికండీ?" అని మెల్లగా అడిగింది.

అప్పుడు చూసుకున్నాను. నా అరచెయ్యి అందరి మధ్యా చాపి ఉంది.