బాబు గొంతు కంపెనీదట

దయ్యాల మాట ఎవరైనా ఎత్తితే లేచి వెళ్ళిపోయే మనిషిని నేను. కండ్లకోయలో ఇంజనీరింగ్ చదివాను. ఏ వింత వెనకైనా ఎక్కడో ఒక వైరు ఊడి ఉంటుందని నమ్మేదాన్ని. ఇప్పుడు ఎనిమిది నెలల పాపను పక్కన పడుకోబెట్టుకుని, దాని ఊపిరి వింటూ ఇది రాస్తున్నాను.

శామీర్‌పేటలో మా కాలనీ దగ్గర ఒక పిల్లల క్లినిక్ ఉండేది. డాక్టర్ని చూడకముందే రిసెప్షన్‌లో బిడ్డ ఏడుపును ట్యాబ్‌లో రికార్డు చేసేవారు. సరిగ్గా పడిందో లేదో అని ఒకసారి స్పీకర్లో వినిపించేవారు. అది ఆకలో, కడుపునొప్పో, జ్వరమో ఏఐ చెప్పేది. మా పాప ఏడుపు కూడా అందులో ఉంది.

ఒకరోజు నా పక్కన రేణుక అనే అమ్మాయి కూర్చుంది. లాల్‌గడి మలక్‌పేట్ నుంచి వచ్చింది. ఒళ్ళో రెండు నెలల బాబు. ట్యాబ్ మీద ఇంగ్లీషులో పొడుగాటి ఒప్పంద పత్రం.

"అక్కా, గిదేం రాసిండ్రో జర సూడవా?"

"ఏం లేదమ్మా, అందరూ నొక్కేదే" అని, చదవకుండానే, ఆమె బదులు నా వేలితోనే నొక్కాను.

బాబు ఏడుపు నాకు బాగా గుర్తు. ఏడ్చిన ప్రతిసారీ చివర్లో గొంతు రెండుసార్లు పట్టేసేది. ట్యాబ్ 'ఆకలి' అంది. డాక్టర్ అదే చూసి పంపేశారు. మూడో రోజు బాబు పోయాడు. న్యుమోనియా అని పెద్దాసుపత్రిలో చెప్పారట.

పదిహేను రోజులకు పాపకు టీకా వేయించడానికి వెళ్తే, రేణుక కౌంటర్ ముందు నిలబడి ఉంది.

"ఫోటో గూడ సక్కగ లేదు సార్. నా కొడుకు గొంతు ఒక్కటియ్యుండ్రి."

"అది కంపెనీ డేటా అమ్మా. మీరే ఒప్పుకున్నరు గదా" అన్నాడు మేనేజరు.

ఆమె అరవలేదు. నన్ను చూసింది, తర్వాత అతన్ని.

"ఉంచుకోండ్రి. ఇగ దినాం మీరే ఇనుండ్రి."

తర్వాత మా పాప వంతు. పాప ఏడ్చింది, రికార్డు చేశారు. స్పీకర్లోంచి వచ్చింది బాబు ఏడుపు. అదే గొంతు, అలాగే రెండుసార్లు పట్టేస్తూ. తర్వాతి బిడ్డకూ అదే. ఫైలు చెరిపేశారు, ట్యాబ్ మార్చారు, కంపెనీ మనుషులొచ్చి చూసి వెళ్ళారు. నవ్వుతున్న బిడ్డను ట్యాబ్ ముందు పెట్టినా అదే వచ్చేదట. తల్లులు రావడం మానేశారు. ఇంట్లో తన కూతురి ఊయల దగ్గర కూడా అదే వినిపిస్తోందని మేనేజరు ఉద్యోగం వదిలేశాడని అక్కడి ఆయా చెప్పింది. ఇప్పుడక్కడ షట్టర్ దించేసి ఉంది.

వాళ్ళకు బాగా అయిందనుకున్నాను. నా సంగతి మరిచిపోయాను.

పోయిన వారం నుంచి మా పాప ఆ బాబు గొంతుతోనే ఏడుస్తోంది. ఇద్దరు డాక్టర్లు చూసి ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయన్నారు. నిన్న మధ్యాహ్నం పాపను ఎత్తుకుని రేణుక ఇంటికి వెళ్ళాను. క్షమించమని అడిగేలోపే పాప ఏడుపు అందుకుంది.

రేణుక చేతిలోని చేట కింద పెట్టి, కళ్ళు మూసుకుని చివరిదాకా వింది. పాపను ముట్టుకోలేదు.

"నాకియ్యని గొంతు నీ ఇంటికొచ్చిందా అక్కా? దినాం తీస్కరా. నేనింట."

అక్కడి నుంచి వచ్చాక పాప మామూలుగానే ఏడ్చింది. ఈ రోజు పొద్దున మళ్ళీ ఆ గొంతే. మళ్ళీ తీసుకెళ్ళాను. రేపూ తీసుకెళ్తాను.

ఇదెలా జరుగుతోందో నాకు తెలియదు. ఆ రోజు ఆ పత్రంలో ఏం రాసి ఉందో కూడా ఇప్పటికీ తెలియదు.