చుక్కల ఓడ ఇంజను ఆపింది, నేను నోరు ఆపాను

కూర్చున్న అక్కలకూ అన్నలకూ, ఆ తలుపు దగ్గర నిలబడి ఫోను చూసుకుంటూ వినీ విననట్టున్న పిల్లలకూ, అందరికీ ప్రభువు పేరట వందనాలు. పాస్టరయ్య నాకు పది నిమిషాలు ఇచ్చారు. రూతమ్మ పది నిమిషాల్లో ముగిస్తే అదే ఇంకో అద్భుతం అని మీలో కొందరు నవ్వుకుంటున్నారని నాకు తెలుసు. నవ్వుకోండి, నా నోటి సంగతి చెప్పడానికే ఈరోజు లేచాను.

పోచంపల్లిలో మాది మగ్గం ఇల్లు. నూలు ఆసు పోసేది, అంటే పోగులు మేకుల మీద అటూ ఇటూ తిప్పి చుట్టేది నేను, చిటికి కట్టేది మా ఆయన యాకోబు. తెలియనివాళ్లకు చెబుతున్నాను, నూలును రంగులో ముంచకముందే దాని మీద గుర్తులు పెట్టుకుని, రంగు అంటకూడని చోటల్లా సైకిలు ట్యూబు ముక్కలు గట్టిగా చుట్టడమే చిటికి కట్టడం. పాతికేళ్ల సంసారంలో ఆయన పని నేను ముట్టలేదు, నా పని ఆయన ముట్టలేదు, మాటలు మాత్రం ఇద్దరివీ నేనే మాట్లాడాను.

పోయిన ఏడాది ఎండాకాలంలో ఒక పొద్దున ఆయన చిటికి ఫ్రేము ముందు కూర్చుని, చేతిలో రబ్బరు ముక్క పట్టుకునే పక్కకు ఒరిగిపోయాడు. సహోదరులారా, ఆ ఆటోలో ఆయన తల నా ఒడిలో పెట్టుకుని భువనగిరి దాకా, అక్కడి నుంచి పట్నం పెద్ద దవాఖాన దాకా నేను ఎట్లా పోయానో ఆ దేవునికే తెలుసు! పద్దెనిమిది రోజుల తర్వాత ప్రాణంతో ఇంటికి తెచ్చుకున్నాను. కానీ కుడి చేయి పడిపోయింది, మాట పోయింది. ఆయన నోటి నుంచి "ఊ" అన్న శబ్దం తప్ప ఇంకేమీ రాలేదు. ఒక్క మాట, సహోదరులారా, నా పేరుతో ఒక్కసారి పిలిస్తే చాలు అనుకుంటూ నేను ఐదు నెలలు గడిపాను.

ఇక్కడ నా పాపం ఒకటి ఒప్పుకోవాలి. మా ఇంట్లో టీవీ ఉంది, తెలంగాణ వచ్చిన సంవత్సరం కొన్నది. దాంట్లో ఆదివారం సాయంత్రం ఒక సీరియలు వచ్చేది, ఎక్కడో విదేశాల్లో తీసి మన తెలుగు మాటలు అతికించింది, దాని అసలు పేరు నాకు నోరు తిరగదు, నేను చుక్కల ఓడ అనేదాన్ని. వెండి బట్టలు వేసుకున్న మనుషులు ఆకాశంలో పెద్ద ఓడలో తిరుగుతుంటారు, ఇంటి దారి తప్పిపోయారు, ఎన్నేళ్లయినా ఇల్లు చేరరు! వాళ్ల పెదవులు ఒకటి అంటాయి, మాట ఇంకొకటి వినబడుతుంది. మా ఆయన, మా బిడ్డ కీర్తన ఇద్దరూ కలిసి దాన్ని నోరు తెరుచుకుని చూసేవాళ్లు, సాయంత్రం కూడికకు రమ్మంటే "గీ ఒక్కటి అయిపోనీయే" అనేవాడాయన. నేనేమో స్త్రీల కూడిక పెద్దను! ఉపవాస దినాల్లో ఎవరింట్లోనూ టీవీ మోగకూడదని, దాని మీద చీర కప్పి ముడి వేయాలని మన సంఘంలో పద్ధతి పెట్టిందే నేను. ఇంటింటికీ పోయి ముడులు చూసి వచ్చేదాన్ని. మా ఇంట్లోనే ముడి ఊడిపోతే నా ముఖం ఎక్కడ పెట్టుకోవాలి చెప్పండి!

అందుకే ఆయన దవాఖాన నుంచి వచ్చిన మొదటి వారమే, మంచం మీద పడుకుని నోరు లేకుండా నా వైపు చూస్తున్న ఆ మనిషితో నేను అన్న మాట ఇది: "గిదే నిన్ను పడగొట్టింది! గా చుక్కల ఓడ సూసుకుంట కూసున్నవు, దేవుని మందిరానికి రమ్మంటే రాకపోతివి. సూసినవా ఏమైందో?" ఆయన కళ్లు మూసుకున్నాడు. నేను టీవీకి చీర చుట్టి మూడు ముడులు వేశాను.

ఆ తర్వాత మొదలైంది నా ప్రార్థన. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, సాయంత్రం స్త్రీలందరితో కలిసి కంజిరతో చప్పట్లతో ఇంకోసారి, మధ్యలో ఫోనులో పాటలు, ఆయన చెవి దగ్గర నోరు పెట్టి "విప్పు ప్రభువా, ఈ నాలుక కట్టు విప్పు!" అని కేకలు. జవాబు లేదు. దేవుని మీద నాకు విసుగు వచ్చింది, దాచిపెట్టి ఏం లాభం! ఒకరోజు ఆసు పోస్తూ పోస్తూ, కుడి భుజం పీకుతుంటే అట్లాగే మోకరించి గట్టిగానే అడిగేశాను: "ప్రభువా, నేనేం రాజ్యం అడిగానా, మేడలు అడిగానా? ఒక్క మాట అడిగాను. ఐదు నెలలాయె. వింటున్నావా లేదా, అదన్నా చెప్పు!"

దవాఖానలో మాట నేర్పే అమ్మాయి ఒకతె ఉండేది, నెలకు రెండుసార్లు ఆమె దగ్గరికి బస్సులో తీసుకుపోయేదాన్ని. ఆమె ఆయనను ఏమన్నా అడిగితే జవాబు నేను చెప్పేదాన్ని. ఏం తిన్నారు అంటే నేనే, ఎక్కడ నొప్పి అంటే నేనే. ఒకరోజు ఆ అమ్మాయి కాగితాలు బల్ల మీద పెట్టేసి, "అమ్మా, మొత్తం మీరే మాట్లాడితే ఆయన ఎప్పుడు మాట్లాడాలె? ఒక్క ముచ్చట అడిగి, మనసుల పది లెక్కపెట్టుండ్రి" అంది. నాకు ఒళ్లు మండింది. "పది లెక్కపెట్టుకుంట కూసుంటే పొయ్యి మీద అన్నం మాడిపోతది బిడ్డా" అని చెప్పి వచ్చేశాను. ఎంత పొగరు చూడండి!

ఇల్లు గడవాలి కదా, ఆయన గుర్తులు పెట్టి, ఒక్క కట్టు కూడా వేయకముందే వదిలేసిన ఫ్రేము ముందు నేనే కూర్చున్నాను. నూలు మీద ఆయన పెన్నుతో పెట్టిన గుర్తులు ఉన్నాయి, కొన్నిచోట్ల చుక్కలు, కొన్నిచోట్ల అడ్డగీతలు. మా పక్కింట్లో చుక్క పెట్టిన చోట కడతారు, అది చూసి నేనూ చుక్క పెట్టిన చోటల్లా కట్టుకుంటూ పోయాను. ఒక్కో ఇంటి గుర్తులు ఒక్కో తీరుగా ఉంటాయని పాతికేళ్లు మగ్గం ఇంట్లో ఉన్నదానికి తోచలేదు! గుర్తులు పెట్టిన మనిషి మూడు మూరల దూరంలో మంచం మీద ఉన్నాడు, ఆయనను అడగాలని కూడా తోచలేదు, మాట రానివాడు ఏం చెబుతాడులే అనుకున్నాను.

నేను కట్టడం మొదలుపెట్టగానే ఆయన "ఊ... ఊ..." అని ఎడమ చేత్తో మంచం పట్టె కొట్టడం మొదలుపెట్టాడు. "నీళ్లా?" అని నీళ్లు పట్టాను. "ఎండ కొడ్తాందా?" అని మంచం జరిపాను. "దవాఖాన గోలీ ఏసుకున్నవు గదా, ఇంకేం గావాలె?" అని కసిరాను. మళ్లీ ఊ, మళ్లీ పట్టె మీద దెబ్బ. పదకొండు రోజులు ఇదే తంతు. సాతాను ఆయనను కుదురుగా ఉండనివ్వడం లేదని స్త్రీలందరినీ పిలిచి మంచం చుట్టూ నిలబెట్టి ఇంకా గట్టిగా ప్రార్థన చేయించాను. ఆ మనిషి కళ్లలో నీళ్లు వస్తే, ఆత్మ తాకిందని హల్లెలూయా కొట్టాం. ఇప్పుడు తలుచుకుంటే నన్ను నేనే రెండు దెబ్బలు వేసుకోవాలనిపిస్తుంది.

దసరా సెలవులకు మా కీర్తన హాస్టలు నుంచి వచ్చింది. వచ్చిన మధ్యాహ్నమే టీవీకి నేను వేసిన మూడు ముడులూ విప్పేసింది. పాత భాగాలు మళ్లీ వేస్తున్నారట. ఆకాశం బద్దలైనట్టు ఓడ శబ్దం వినిపించి, వాకిట్లో రబ్బరు ముక్కలు కోస్తున్న నేను అవి చేతిలో పట్టుకునే లోపలికి ఉరికాను. "బంద్ చెయ్యి! మీ బాపును మంచాన పడేసింది గిదే" అన్నాను. బిడ్డ కదలలేదు. "బాపు మొఖం సూడమ్మా ఒక్కసారి. సచ్చిపోయిన మనిషిని సూసినట్టు సూస్తున్నవు గాని, బాపు మొఖం సూసి ఎన్నొద్దులైంది?" అంది. చూశాను. ఐదు నెలల తర్వాత ఆయన ముఖంలో చిన్న నవ్వు ఉంది. అక్కడే గడప మీద నిలబడిపోయాను.

ఆ భాగంలో ఏం జరిగిందో చెబుతాను, ఓపిక పట్టండి. ఆ ఓడవాళ్లు ఎన్నో ఏళ్ల కింద ఇంటికి కబురు పంపారు, మేమిక్కడ ఉన్నాం, దారి చెప్పండి అని. జవాబు రాలేదు. మనల్ని మరిచిపోయారని కొందరు ఏడుస్తున్నారు, కొందరు తిడుతున్నారు. అప్పుడు కబుర్లు వినే పని చేసే ఒక ముసలామె లేచి, జవాబు ఎప్పుడో వచ్చి ఉంటుంది, మన ఇంజన్ల మోతలో మనకు వినబడటం లేదు, అంది. అంతా ఆపమంది. ఇంజన్లు ఆపితే చలికి గడ్డకట్టి చస్తామని అందరూ మొత్తుకున్నారు. చివరికి ఆపారు. దీపాలు ఆపారు, గాలి యంత్రాలు ఆపారు, మాటలు ఆపారు. మా టీవీలో ఎంతోసేపు శబ్దమే లేదు! అప్పుడు మెల్లగా, టిక్కు టిక్కుమని చిన్న చప్పుడు. వీళ్లు కబురు పంపిన రోజే అక్కడి నుంచి జవాబు బయలుదేరిందట, సహోదరులారా! అది వీళ్ల చుట్టూ తిరుగుతూనే ఉందట, వీళ్ల మోతకే వినబడలేదట!

నాకు దానియేలు గుర్తుకొచ్చాడు. మూడు వారాలు ఆ దైవజనుడు దుఃఖపడి ప్రార్థిస్తే, నువ్వు మొదలుపెట్టిన రోజే నీ మాట విన్నారని దేవదూత వచ్చి చెప్పలేదా? ఈ మాట మీద నేనే స్త్రీల కూడికలో ఎన్నిసార్లు వాక్యం చెప్పానో! చెప్పాను, వినలేదు. నా ఇంట్లో ఇంజను ఎవరో అప్పుడు తెలిసింది. ఆ గడప మీదే నోరు తెరవకుండా, మనసులోనే అన్నాను: "తండ్రీ, రేపు మధ్యాహ్నం దాకా నా నోరు మూసుకుంటాను. నువ్వు చెప్పేది ఏదన్నా ఉంటే చెప్పు."

చెప్పినంత సులభమా! ఉపవాసం నలభై దినాలు ఉండొచ్చు, నోరు మూసుకుని పూట గడపడం నా వల్ల కాదనిపించింది. మర్నాడు పొద్దున ఆకుకూరలామె వచ్చింది, ఎంతంటే అంత ఇచ్చి పంపాను, బేరం ఆడలేదు. ఆమె భయపడి "అక్కా, పానం మంచిగ లేదా?" అని నా నుదురు పట్టి చూసింది. ఫోనులో పాటలు పెట్టలేదు. ఫ్యాను కూడా ఆపాను. బయట పొయ్యి మీద రంగు నీళ్లు కాగుతున్నాయి, ఆరోజే నూలు ముంచాలి. కట్టిన నూలు ఫ్రేము నుంచి విప్పి భుజాన వేసుకున్నాను.

ఆయన పట్టె కొట్టాడు. "ఏందయ్యా" అని నోటిదాకా వచ్చింది. మింగాను. నూలు భుజాన ఉండగానే ఆయన ఎదురుగా కింద కూర్చుని ముఖం చూశాను. మనసులో ఒకటి నుంచి లెక్కపెట్టాను. పది అయింది, ఏమీ లేదు. ఇరవై అయింది. ఆయన పెదవి ఒక పక్కకు లాగుతోంది, మెడ నరాలు ఉబ్బుతున్నాయి, చెమట పడుతోంది. తలుపు దగ్గర కీర్తన నోటికి చున్నీ అడ్డం పెట్టుకుంది. నేను ఎంత లెక్కపెట్టానో మరిచిపోయాను.

"త... త... తప్పు" అన్నాడు.

సహోదరులారా! ఐదు నెలల మౌనం తర్వాత మా ఆయన నోట వచ్చిన మొదటి మాట ప్రభువా కాదు, హల్లెలూయా కాదు, రూతూ అని కూడా కాదు, తప్పు! నా పనిలో తప్పు! ఎడమ చేతి వేలు నా భుజం మీది నూలు వైపు చూపించి, ఇంకా ఎంతోసేపు పెనుగులాడి "సుక్క... ఇడువు" అన్నాడు. చుక్క పెట్టిన చోట కట్టకూడదు, వదిలేయాలి, అడ్డగీత ఉన్నచోట కట్టాలి. పదకొండు రోజులు ఆయన నాకు చెప్పిన మాట ఇదే. నేను నీళ్లు పట్టాను, మంచం జరిపాను, దయ్యాన్ని వెళ్లగొట్టాను!

నూలు కింద పడేసి ఆయన కాళ్లు పట్టుకున్నాను. "గా టీవీ నిన్ను పడగొట్టిందంటి. నేనే నిన్ను మంచంల పాతిపెట్టిన. నన్ను మాఫ్ చెయ్యయ్యా" అని ఏడ్చాను. ఆయన ఎడమ చేయి నా తల మీద పెట్టాడు, నాకు ఆ చేయి చాలింది. కీర్తన పోయి పొయ్యి ఆర్పింది. ఆ కట్లన్నీ విప్పడానికి వారం పట్టింది, ఒక్క పోగు కూడా పాడు కాలేదు. దేవునికే మహిమ!

మీలో కొందరు పెద్దలు వెనకాల ఏమనుకుంటున్నారో నా చెవిన పడింది. టీవీ చూసి వాక్యం నేర్చుకుందట రూతమ్మ, రేపు సినిమాకు పోయి ప్రార్థన చేస్తుందేమో అంటున్నారట. అయ్యా, నేను టీవీకి సాక్ష్యం చెప్పడం లేదు! ఆ ఓడను తీసినవాళ్లకు మన ప్రభువు తెలుసో తెలియదో నాకు తెలియదు. గాడిద నోట బిలాముకు బుద్ధి చెప్పిన దేవునికి, నాలాంటి మొండిదానికి బుద్ధి చెప్పడానికి వెండి బట్టలవాళ్లు దొరికారు, అంతే. గాడిదను ఎవరూ పూజించరు, విననివాణ్ని చూసి మాత్రం అందరూ నవ్వుతారు. దవాఖానలో ఆ అమ్మాయి ముందే చెప్పింది, నా బిడ్డ చెప్పింది, మంచం మీద నుంచి ఆయన చెప్పాడు. ఇందరి నోట దేవుడు మాట్లాడుతుంటే, దేవుడు పలకడం లేదని నేను ఆయన మీద అలిగాను.

ఆ అమ్మాయి దగ్గరికి ఇప్పటికీ పోతున్నాం, ఇప్పుడు నేను బయట బల్ల మీద కూర్చుంటాను. నెలకు నాలుగైదు మాటలు కొత్తగా వస్తున్నాయి, నా పేరు మాత్రం ఇంకా రాలేదు. కీర్తన హాస్టలు నుంచి వచ్చిన ఆదివారాల్లో ఆరాధన అయ్యాక ముగ్గురం చుక్కల ఓడ చూస్తాం, మధ్యలో నేను ప్రశ్నలు అడిగితే ఇద్దరూ విసుక్కుంటారు.

కాబట్టి ప్రియులారా, జవాబు రాలేదని ఏడుస్తున్నవాళ్లు ఎవరన్నా ఇక్కడ ఉంటే, మీ దేవుడు చెవిటివాడు కాడు. ఆయనను నమ్మండి. అడిగిన రోజే ఆయన కదిలాడు. మీరు కొంచెంసేపు మోత ఆపి, మీ ఇంట్లో మీరు ఎవరి మాట వినడం మానేశారో వాళ్ల ముందు కూర్చోండి, పది లెక్కపెట్టండి, పది చాలకపోతే ఇంకా లెక్కపెట్టండి, ఎందుకంటే నేను ఎన్నో ఏళ్లుగా చూస్తున్నాను, మన సంఘంలో ప్రార్థన చేసేవాళ్లు ఎక్కువ, వినేవాళ్లు తక్కువ, ముఖ్యంగా ఆ ముందు వరసలో కూర్చున్న...

ఆగండి. పురుషుల వైపు నుంచి ఏదో చప్పుడు. మా ఆయన కుర్చీ పట్టె కొడుతున్నాడు. చెప్పయ్యా. వింటున్నాను.

...

"సాలు... రూతూ... కూసో" అన్నాడు.

విన్నారా? మూడు మాటలు! నా పేరుతో సహా! దేవునికి స్తోత్రం. కూర్చుంటున్నాను.