తిరిగొచ్చే నీళ్లు

కరోనా తగ్గిన ఏడాది, గల్ఫ్‌లో, రాస్ అల్ ఖైమా కొండల్లోని మాకు వీసా ఇచ్చిన కఫీల్ ఇంటిని చలికాలం వెచ్చగా ఉంచడానికి ఎవరో వాడేసిన కట్టెల బాయిలర్ తెచ్చారు. దాన్ని బిగించింది మన జగిత్యాల వైపు నుంచి వచ్చిన ఫిట్టర్ ఒకాయన. నిప్పు అంటుకోగానే మేమంతా బాయిలర్ ముందు చేరాం. ఆయన మాత్రం వెనక్కి వెళ్లి, గదులన్నీ తిరిగిన నీళ్లు మళ్లీ బాయిలర్‌కు చేరే పైపు మీద అరచెయ్యి ఆనించి కళ్లు మూసుకున్నాడు.

"పోయే నీళ్లు ఎట్లయినా కాగుతయి తమ్మీ. తిరిగచ్చేటియి సూడాలె," అన్నాడు.

బయట పొగమంచులో కొండలు తేలుతున్నాయి. చాలాసేపటికి ఆయన ముఖం విచ్చుకుంది. "అచ్చినయ్. ఖలాస్."

ఆ తర్వాతి వేసవిలో, ఎన్నో ఏళ్లకు, ఆయన ఊరెళ్లాడు. మళ్లీ రాలేదు.

ప్రతి చలికాలం బాయిలర్ వెలిగించి ఆ పైపు మీద చెయ్యి పెడతాను. నీళ్లు వెచ్చగా తిరిగొస్తాయి. ఇల్లు చేరిన ఆయన మాత్రం మళ్లీ ఇటు రాకూడదనే కోరుకుంటాను. అయినా చెయ్యి తియ్యబుద్ధి కాదు.