ఐదో టేబుల్ క్లాత్

ఈ రోజు మధ్యాహ్నం మా నరసాపురం ఇంటికి ఓ పెద్ద పార్సెల్ వచ్చింది. బీరువాలో నాలుగు టేబుల్ క్లాత్‌లు ఉండగానే మోజుపడి ఆన్‌లైన్‌లో తెప్పించుకున్న ఐదోది. పెట్టెలో పెట్టె, దానిలో ఇంకో పెట్టె, దాని నిండా నలిపిన కాగితాలు. అన్నీ తీస్తే చివరికి లేసు గుడ్డ బయటపడింది. "చేతి అల్లిక, యూరప్ నుంచి దిగుమతి" అని దానికో చీటీ.

ఎదురింటి సత్యవతిగారిని పిలిచి గొప్పగా చూపించాను. ఆవిడ ముప్పై ఏళ్ళుగా లేసు అల్లుతున్నారు. గుడ్డని అటూ ఇటూ తిప్పి కిసుక్కున నవ్వారు.

"ఇది నేనల్లిందేనండి! ఈ మూల పువ్వుకి ఒక రేకు తక్కువుంది చూడండి. ఆ రోజు సీరియల్ చూస్తూ లెక్క తప్పాను."

"మరి యూరప్ అని రాశారేంటండి?"

"వెళ్ళొచ్చినట్టుందండీ. నేనే ఇంకా రాజమండ్రి దాటలేదు."

అని, ఇంటికెళ్ళి లేసు సూది, దారం తెచ్చుకుని, మా అరుగు మీదే కూర్చుని ఆ రేకు అల్లేసి ఇచ్చారు.

సముద్రాలు దాటొచ్చిన ఎదురింటి వస్తువులు మీ ఇళ్ళలో కూడా ఉంటే కాస్త చెప్పండి. ఈ సిగ్గు నేనొక్కదాన్నే పడలేకపోతున్నాను.