వరలక్ష్మిగారికి రాని బిరుదు

మొన్న రావులపాలెంలో బస్సు దిగాను. అరటిగెలల లారీ ఒకటి దారికి అడ్డంగా నిలబడితే దాని చుట్టూ తిరిగి, పరుగులాంటి నడకతో అమలాపురం బస్సు అందుకున్నాను. సీట్లో కూలబడేసరికి జేబులో ఫోను టింగుమంది. తీసి చూస్తే బంగారు రంగు పతకం మెరుస్తోంది. ఈ పూట నడక లక్ష్యం సాధించానట, అభినందనలట. లారీని తప్పించుకున్నందుకు పతకం! ఒళ్లు మండిపోయింది. ఆ పతకాలిచ్చే యాప్‌ను వెతికి పట్టుకుని అక్కడికక్కడే తీసిపారేశాను. "ఫోను పాడైందాండీ?" అని పక్క సీటాయన జాలిగా అడిగాడు. పతకం వచ్చిందని ఆయనకెలా చెప్పను? ఆ చప్పుడు వింటే నాకు వరలక్ష్మిగారు గుర్తొస్తారు. నా కోపమంతా ఆవిడ తరఫున. అందులో సగం నా మీదే.

వరలక్ష్మిగారు అమలాపురంలో నెట్ సెంటర్ నడిపేవారు. రెండువేల సంవత్సరం దాటి ఆరేడేళ్లయిన రోజులవి. ఆవిడది బండారులంక నేత కుటుంబం. ముప్పై అయిదేళ్లుంటాయేమో. రోజూ పొద్దున్నే వచ్చి తాళం తీసేవారు. ఆరు కంప్యూటర్లు, వాటి మధ్య అడ్డంగా తెరలు. ఆ తెరలు వాళ్లింటి మగ్గం మీద నేసిన గుడ్డే. నేను డిగ్రీ పూర్తి చేసి, ఉద్యోగ ప్రకటనలు చూసుకునే నెపంతో అక్కడే పడి ఉండేవాణ్ణి. గల్ఫ్ నుంచి సెలవులకొచ్చిన ఆవిడ తమ్ముడు ఒక ఆట సీడీలు పెట్టి వెళ్లాడు. వేలమంది ఇంటర్నెట్‌లో ఒకేసారి, ఒకే లోకంలో తిరుగుతూ ఆడే ఆట అది. ఒకడు కత్తివీరుడు, ఒకడు మాంత్రికుడు, ఎవరి వేషం వారిది. అందరూ కొట్టే వేషాలే ఎంచుకుంటే, ఆవిడ మాత్రం దెబ్బలు తిన్నవాళ్లను బాగుచేసే వైద్యురాలి వేషం తీసుకున్నారు.

అదేమిటని అడిగాను. "కొట్టేవాళ్లు బోల్డుమంది ఉన్నారండి సీనుగారూ. చూసుకునేవాళ్లే లేరు," అన్నారు. నేను ఆవిడకంటే పన్నెండేళ్లు చిన్నవాణ్ణి. అయినా నన్ను గారు అనకుండా ఎప్పుడూ పిలవలేదు. ఆటలోనూ అంతే. ఎక్కడెక్కడి మనుషులకో ఇంగ్లీషు అక్షరాల్లో "కాస్త వెనక్కి రండి" అని టైపు చేసేవారు. హైదరాబాదు కుర్రాళ్లు మొదట్లో నవ్వారు. తరవాత వాళ్లూ అండీ అనడం మొదలుపెట్టారు.

నాకు ఆట నేర్పింది ఆవిడే. నాది కత్తివీరుడి వేషం. రాక్షసుడు కనబడితే చాలు, ఎగేసుకుని ముందుకు ఉరికేవాణ్ణి, చచ్చేవాణ్ణి. ఆవిడ మంత్రం వేసి లేపేవారు. "మీరొక్కరే అంత దూరం పరిగెడితే నా మంత్రం అందదు కదండీ," అని తెర వెనకనుంచి వినబడేది. పదిమంది కలిసి పోరాడుతుంటే పదిమందికీ ఎంత ప్రాణం మిగిలిందో చూపించే గీతలు కంప్యూటర్ తెరమీద ఒక మూల ఉంటాయి. ఆవిడ చూపు వాటి మీదే. ఎదురుగా ఉన్న రాక్షసుడి మొహం ఎలా ఉంటుందో తనకింతవరకూ తెలియదని నవ్వేవారు. మగ్గానికి దారం చుట్టి ఇచ్చే చిన్న గొట్టాలను కండెలంటారు. వాళ్లమ్మగారు జీవితమంతా కండెలే చుట్టారు. "మా నాన్నగారి చీరకి ఓసారి బహుమతి ఇచ్చేరండి. శాలువా కప్పేరు. కండెలు చుట్టినావిడ కింద కుర్చీలో కూర్చుని చప్పట్లు కొట్టిందండి," అని ఒకసారి మామూలుగా చెప్పారు. నేను ఊ కొట్టి ఆటలో పడిపోయాను.

ఆ ఆటలో నల్లసర్పం అని ఒకటుండేది. పదిమంది చేరితేగాని కదలదు, చేరినా చావదు. మేం సెంటర్లో నలుగురం, బయటి ఊళ్లవాళ్లు ఆరుగురు. వారాల తరబడి ఓడిపోయాం. ఓడిన ప్రతిసారీ ఆవిడ ఒక పొడుగు పుస్తకంలో రాసుకునేవారు. పాము ఎప్పుడు విషం కక్కుతుంది, ఎవరు ఎటు తప్పుకోవాలి, ఎవరు తొందరపడతారు. మూడో మాట దగ్గర ఎప్పుడూ నా పేరే ఉండేది. చివరికి ఒక ఆదివారం మధ్యాహ్నం, కరెంటు కూడా పోకుండా కరుణించిన రోజున, పాము చచ్చింది. మేం కుర్చీలెక్కి అరిచాం. ఆవిడ "ఆయ్, అయిపోయిందండి," అని క్యారేజీ విప్పుకున్నారు. ఆ తరవాత కొత్తవాళ్లను వెంటబెట్టుకుని ఎన్నిసార్లు చంపించారో ఆవిడకే లెక్కలేదు. అప్పుడు బిరుదులూ లేవు, పతకాలూ లేవు.

తరవాత ఆట తయారుచేసిన కంపెనీవాళ్లకు ఒక తెలివి పుట్టింది. అచీవ్‌మెంట్లు పెట్టారు. ఏదైనా సాధిస్తే టింగుమని మోగుతుంది, పతకం పడుతుంది, అందరికీ కనబడేలా పేరు పక్కన బిరుదు వస్తుంది. చేపలు పడితే పతకం, కొండెక్కితే పతకం, వంద కుందేళ్లను నిమిరితే పతకం! కాని ఆ రోజుకు ముందు ఎవరేం చేసినా లెక్కలోకి రాదన్నారు. అంటే వరలక్ష్మిగారు నల్లసర్పాన్ని ఒక్కసారి కూడా చంపనట్టే. ఎంత అన్యాయమో చూడండి. అప్పుడు మాత్రం నాకు ఏ అన్యాయమూ కనబడలేదు. కుందేళ్లు నిమురుతూ కూర్చున్నాను.

సరిగ్గా ఆ రోజుల్లోనే వాళ్లమ్మగారు మంచాన పడ్డారు. మూడు నెలలు వరలక్ష్మిగారు సెంటర్ తాళం మాకు అప్పగించి ఆటకు దూరమయ్యారు. మేం ఇంకో వైద్యుణ్ణి చేర్చుకుని, ఆవిడ పుస్తకం ముందు పెట్టుకుని సర్పాన్ని మళ్లీ చంపాం. టింగుమంది. పదిమందికీ "సర్పసంహారి" అని బిరుదు. దాంతో మా కళ్లు నెత్తికెక్కాయి. కొత్తగా చేరాలనుకునేవాళ్లు ముందు ఆ అచీవ్‌మెంట్ చూపించాలని రూలు పెట్టాం. చేరికలు చూసే పని నాది. మొహం తెలియని వేలమందిలో ఎవరికి పని వచ్చో తెలుసుకోవడానికి అలాంటి గుర్తు ఒకటి అవసరమే, కాదనను. తెలియనివాళ్ల కోసం పెట్టిన గుర్తు అది. ఆవిడ నాకు తెలుసు.

అమ్మగారు కోలుకున్నాక ఆవిడ తిరిగొచ్చారు. ఒక సాయంత్రం ఆటలోనే మా గుంపు అంతటికీ కనబడేలా టైపు చేశారు: "నేనూ రావచ్చాండీ?" హైదరాబాదు నుంచి గుంపును నడిపేవాడు నన్ను కదిపాడు, రూలు చెప్పమని. నేను టైపు చేశాను: "అచీవ్‌మెంట్ చూపించండి." మా ఇద్దరి మధ్య మూడడుగుల దూరం, ఒక గుడ్డ తెర.

తెర పక్కకు జరిగింది. "సీనుగారూ, మీ ముందున్న ఆ పుస్తకం నాదే కదండీ?" అన్నారు. గొంతులో కోపం లేదు. నిజంగా అర్థంకాక అడిగారు.

"అందరికీ ఒకటే రూలు కదా అక్కగారూ," అన్నాను నేను.

"ఆయ్. సరేనండి," అని తెర వేసేశారు. కాసేపటికి గుంపులో ఆవిడ మాట ఒకటి కనబడింది: "అందరూ జాగ్రత్తగా ఆడండి." ఆ తరవాత ఆవిడ మాతో రాలేదు. ఆట మొదట్లో వచ్చే చిన్న అడవిలో, ఏమీ రాని కొత్తవాళ్ల వెనక తిరుగుతూ, పడ్డవాళ్లను లేపుతూ కనబడేవారు. ఆ పనికి పతకం లేదు. వంద కుందేళ్లను నిమిరితే ఉందిగాని, వందమందిని బతికిస్తే లేదు. ఆ లెక్క రాసినవాడు ఎవడోగాని, వాణ్ణి తలుచుకుంటే ఇప్పటికీ నాకు తిట్లే వస్తాయి. వాడు అవతలెక్కడో ఉన్నాడు. ఆ లెక్కను పట్టుకుని ఆవిణ్ణి గుమ్మంలో నిలబెట్టినవాణ్ణి మాత్రం నేను.

సెంటర్ మూతపడ్డాక, ఉద్యోగంలో చేరిన కొన్నేళ్లకు, బండారులంక వెళ్లి ఆవిణ్ణి కలిశాను. తప్పయిందని చెప్పాను. "అయ్యో, ఇంకా అదే పట్టుకుని ఉన్నారాండీ!" అని నవ్వి కాఫీ ఇచ్చారు. గుమ్మందాకా సాగనంపుతూ మాత్రం, "అడగడం తప్పు కాదండీ. పక్కనే కూర్చుని టైపు చేసేరు చూడండి..." అని ఆగిపోయారు. నేను తల దించుకుని వచ్చేశాను.

ఇవాళ నా దగ్గర పనికోసం వచ్చేవాళ్ల కాగితాలు పక్కన పెట్టి, ఇంతవరకూ ఏం చేశారో చెప్పండి అని అడుగుతాను. కూర్చుని మొత్తం వింటాను. ఆఫీసులో దీన్ని నా మంచితనం అనుకుంటారు. ఆవిడకు కూడా చెప్పలేకపోయిన సంగతి ఒకటుంది. మాకు బిరుదు వచ్చిన రోజున నేను మామూలుగానే ముందుకు ఉరికి, రెండో నిమిషంలోనే చచ్చాను. ఆ కొత్త వైద్యుడు నన్ను చూడనే లేదు. పాము చచ్చేటప్పటికి నేను నేలమీద శవంలా పడి ఉన్నాను. పడి ఉన్నవాడికి కూడా టింగుమంది. నేను ఆవిణ్ణి చూపించమన్నది ఆ బిరుదునే.